వియత్నాం వెళ్తున్నాం, కడుపు పాడవకుండా ఏం తినాలి?

సీతమ్మధార_స్వాతి
సంక్రాంతి సెలవులకి ఇంటిల్లిపాదీ వియత్నాం వెళ్తున్నాం. వైజాగ్ నుంచి సింగపూర్, అక్కణ్ణుంచి హనోయ్, దనాంగ్, చివర్లో హోచిమిన్ సిటీ. అత్తయ్యగారు, మామయ్యగారు, మా ఆయన, నేను, ఆరేళ్ల పాప. మామయ్యగారికి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి.

అంతకుముందు ఒక ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీలో బ్యాంకాక్ వెళ్లాం. పట్టాయా నుంచి వెనక్కి వస్తుంటే బస్సులో సగం మందికి వాంతులు, విరేచనాలు. దారిలో పెట్రోల్ బంకు కనిపిస్తే చాలు, బస్సు ఆపడమే. గైడ్ "థాయ్ ఫుడ్ మీవాళ్లకి పడదు" అని చేతులు దులిపేసుకున్నాడు. అసలు థాయ్ ఫుడ్ ముట్టుకుంటే కదా! రోజూ వాళ్లు తెచ్చిపెట్టిన ఇండియన్ లంచే తిన్నాం.

ఈసారి సొంతంగా వెళ్తున్నాం. అత్తయ్యగారు రైస్ కుక్కర్, బియ్యం, పప్పులు అన్నీ ఇక్కణ్ణుంచే మోసుకెళ్దామంటున్నారు. మా ఆయనేమో అక్కడి రోడ్డు పక్క బండి మీద తినకపోతే అంత దూరం వెళ్లడం దండగంటున్నారు. ఎవరి మాట వినాలో తెలీక ఇక్కడ అడుగుతున్నా.

గాజువాక_గోపి
అత్తగారి మాటే వినండి. కడుపు పాడైతే నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది, అత్తగారు అలిగితే సర్దుకోదు.

రుషికొండ_రైడర్
మరీ ఎక్కువ ఆలోచిస్తున్నారు. ఆర్కే బీచ్‌లో పానీపూరీ, జగదాంబ దగ్గర అర్ధరాత్రి నూడుల్స్ తిని పెరిగిన ఒళ్లు మనది. ఈ జాగ్రత్తలన్నీ తెల్లోళ్లకి. మనకేం కాదు.

కేజీహెచ్_పాతబ్యాచ్
రైడర్ గారూ, ఇదే ధీమాతో వెళ్లి సెలైన్ ఎక్కించుకుని వచ్చినవాళ్లు నాకు బాగా తెలుసు.

ఒక ఊళ్లో ఏళ్ల తరబడి ఉంటే అక్కడ తిరిగే సూక్ష్మజీవుల్లో కొన్నింటికి ఒళ్లు అలవాటు పడుతుంది, నిజమే. ప్రయాణాల్లో వచ్చే విరేచనాలకి ఎక్కువగా కారణమయ్యే ఈ-కోలై రకం ఒకటుంది. దాని మీద ఆ రక్షణ కొంతవరకు పనిచేస్తుంది. నోరోవైరస్, కాంపిలోబాక్టర్, సాల్మొనెల్లా లాంటి క్రిముల దగ్గర మాత్రం మీ పానీపూరీ సర్టిఫికెట్ చెల్లదు. ఆగ్నేయాసియాలో కాంపిలోబాక్టర్ బెడద ఎక్కువ. పైగా ఇప్పటి పిల్లలు పుట్టినప్పటి నుంచి ఆర్‌వో నీళ్లే తాగుతున్నారు. మా తరంలో హెపటైటిస్-ఏ (తిండి, నీళ్ల వల్ల వచ్చే కామెర్లు) చిన్నప్పుడే తెలీకుండా వచ్చిపోయేది, జీవితాంతం రక్షణ మిగిలేది. అపార్ట్‌మెంట్లలో పెరిగిన పిల్లల్లో చాలామందికి అది లేదు. పాపకి ఆ టీకా, టైఫాయిడ్ టీకా పడ్డాయో లేదో కార్డు తీసి చూడండి స్వాతి గారూ. టైఫాయిడ్‌కి ఇప్పుడున్న కాంజుగేట్ టీకా మన హైదరాబాద్‌లోనే తయారవుతోంది, సూది ఒక్కటే.

మీకో ప్రశ్న. ఆ రోజు బస్సులో తిన్న ఎంతసేపటికి మొదలైంది? ముందు వాంతులా, విరేచనాలా? జ్వరాలు వచ్చాయా?

సీతమ్మధార_స్వాతి
భోజనం ఒంటిగంటన్నరకి. నాలుగయ్యేసరికి మొదలు. ముందు వాంతులే, అందరికీ. జ్వరం ఎవరికీ లేదు. మర్నాటికి దాదాపు అందరూ లేచి తిరిగారు. ఒక విచిత్రం చెప్పనా? మాతో ఒక గుజరాతీ కుటుంబం ఉంది. వాళ్లు పుల్కాలు, కూర మాత్రమే తిన్నారు. వాళ్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు.

న్యూజెర్సీ_నాగ
రైడర్ మాటకి నా జవాబు. నేను ఎంవీపీ కాలనీలోనే పుట్టి పెరిగాను. ఇప్పుడు వైజాగ్ వచ్చిన ప్రతిసారీ ముందు పడిపోయేది నేనే, నా పిల్లలు కాదు. వాళ్లు అమ్మమ్మ కాచి చల్లార్చిన నీళ్లు తాగుతారు. నేనేమో "మన ఊరే కదా" అని దిగిన రోజే బండి దగ్గర నిలబడతాను. ఆ పాత కడుపు పోయింది బాబూ, వదిలేసి వెళ్లిన అద్దె ఇల్లు లాంటిదే. ఇప్పుడు అందులో వేరేవాళ్లు ఉంటున్నారు.

రుషికొండ_రైడర్
సరే, పానీపూరీ సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటున్నా. నాగ అన్నా, ఏ బండో చెప్పు, అటు వెళ్లను.

ఎంవీపీ_మాధవి
స్వాతీ, నాకు ఆ ఇండియన్ లంచ్ బాగా తెలుసు! మేం వేరే ట్రావెల్స్‌లో వెళ్లాం, తంతు మాత్రం అదే. పొద్దున్న తొమ్మిదికి మేం హోటల్ దగ్గర బస్సెక్కుతుంటే డిక్కీలో థర్మాకోల్ పెట్టెలు పెట్టారు. మధ్యాహ్నం రెండింటికి ఏదో పార్కు దగ్గర తెరిచారు. మూత లోపలి వైపంతా నీటి బొట్లు. జీరా రైస్ ముద్దకట్టి, గరిటె గుచ్చితే ముక్కలుగా ఊడొచ్చింది. పప్పు మీద మీగడలా తెట్టు. వేలు పెట్టి చూశా, వేడీ కాదు చల్లనా కాదు, పిల్లలకి స్నానం పోసే నీళ్లంత. మా ఆయన "ఇంటి భోజనం దొరికింది" అని రెండోసారి వడ్డించుకున్నారు. ఆ రాత్రి ఏమైందో రాయను, ఆయన కూడా ఈ ఫోరం చదువుతారు.

కేజీహెచ్_పాతబ్యాచ్
మాధవి గారు సగం కథ చెప్పేశారు, మిగతా సగం స్వాతి గారి గుజరాతీ కుటుంబం చెప్పింది. రెండు మూడు గంటల్లో వాంతులు, జ్వరం లేదు, మర్నాటికి తగ్గింది, అన్నం తిననివాళ్లు బాగున్నారు. ల్యాబ్ పరీక్ష లేకుండా ఖాయం చేయకూడదు గానీ నా అనుమానం ఆ అన్నం మీదే.

బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా విత్తనాల రూపంలో ఉంటుంది. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. మళ్లీ వేడిచేస్తే బాక్టీరియా చస్తుందేమో గానీ ఆ విషం చావదు. "పొగలు కక్కేలా వేడిచేసి పెట్టాం సార్" అంటారు, లాభం లేదు.

ఇంకోటి. అందరూ ఆఖరున తిన్నదాన్నే తిడతారు. ఇలాంటి విషాలైతే ఒకటి నుంచి ఆరు గంటల్లో బయటపడతాయి. సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ లాంటివి ఒక రోజు నుంచి మూడు నాలుగు రోజులు తీసుకుంటాయి. జియార్డియా అనే పరాన్నజీవి అయితే వారం, రెండు వారాలు. దనాంగ్‌లో తిన్నది హోచిమిన్‌లో బయటపడితే పాపం హోచిమిన్ బండివాడికి చెడ్డపేరు.

పూర్ణామార్కెట్_పంతులు
అయితే పులిహోర కూడా ప్రమాదమేనా? మా అమ్మ కాశీ వరకు పులిహోరతోనే వెళ్లొచ్చింది.

కేజీహెచ్_పాతబ్యాచ్
పులిహోరకి చింతపండు కాపలా. పులుపు బాగా పడితే ఆ బాక్టీరియా పెరగలేదు. పులుపు తగ్గించి, రంగు కోసం పసుపు వేసి పులిహోర అనేవాళ్లది మాత్రం తినకండి. తెల్లన్నం, ఫ్రైడ్ రైస్, కొబ్బరన్నం, వీటికే ఆ రక్షణ లేదు.

గాజువాక_గోపి
గోదారోళ్లు గెలిచారు. పులుపు తక్కువైన పులిహోర అన్యాయం అని వాళ్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు.

ఓడవంట
పాతికేళ్లుగా సరుకు ఓడల్లో వంట. పోర్టు ఏరియాలోనే ఇల్లు. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా.

ఓడలో ఇరవై మందికీ ఒకటే వంటగది. ఒకడికి వస్తే ఇరవై మందికీ వస్తుంది, నడిసముద్రంలో ఆసుపత్రి ఉండదు. అందుకని వంటగదిలో గరిటె ఎంత ముఖ్యమో థర్మామీటర్ అంతే. చల్లనివి 5 డిగ్రీల లోపు, వేడివి 60 పైన. మధ్యలో ఉన్నది బాక్టీరియాకి పండగ. వండేది లోపలిదాకా 70 దాటాలి. అంతే చదువు. ఈ లెక్క తెలిస్తే ఏ దేశంలోనైనా హోటల్ చూడగానే చెప్పొచ్చు.

స్వాతమ్మా, మీ ఆయన మాట పూర్తిగా కొట్టేయకు. రోడ్డు పక్క బండి మీద ఒకడు ఒకే ఒక్క వంటకం చేస్తుంటాడు, జనం నిలబడి ఉంటారు, మన కళ్లముందే మంట మీద కళాయి. అది పొగలతో పళ్లెంలోకి వస్తే చాలావరకు భయం లేదు. నేను భయపడేది స్టార్ హోటల్ బఫే చూసి. కింద దీపం ఆరిపోయిన పళ్లాలు, గంట నుంచి ఎవడూ కలపని కూర, ఎంతమందో పట్టుకున్న గరిటె. వియత్నాంలో ఫో అని నూడుల్స్ పులుసు ఉంటుంది, మరుగుతున్న పులుసు గిన్నెలో పోసి ఇస్తారు. పక్కన పచ్చి ఆకుల పళ్లెం పెడతారు. ఆ ఆకులు ఏ నీళ్లలో కడిగారో దేవుడికెరుక. తినాలనిపిస్తే ఆ మరిగే పులుసులో ముంచి వాడ్చుకుని తిను, లేదా వదిలెయ్.

మీ అత్తగారి కుక్కర్ గురించి కూడా చెప్పాలి. పొద్దున్నే గదిలో అన్నం వండి, డబ్బాలో పెట్టుకుని, ఎండలో ఊరంతా తిరిగి మధ్యాహ్నం తింటే ఆ టూర్ వాడి లంచ్‌కీ దీనికీ తేడా ఏటి? వండినవాళ్లు మనవాళ్లు, అంతే. పైగా చాలా హోటళ్లు గదిలో వండనివ్వవు, పొగకి అలారం మోగుతుంది.

సీతమ్మధార_స్వాతి
ఈ పోస్టు అత్తయ్యగారికి చదివి వినిపించాను. "ఆయనెవరో బాగానే చెప్పాడు గానీ, మరి పొద్దున్నపూట ఉప్మా?" అన్నారు.

ఓడవంట
వేయించిన ఉప్మా రవ్వ పోపుతో సహా కలిపి తీసుకెళ్లమను. కెటిల్‌లో నీళ్లు మరగబెట్టి, మూతున్న గిన్నెలో పోసి పది నిమిషాలు ఉంచితే అయిపోతుంది. అటుకులైతే ఇంకా సుఖం. అప్పటికప్పుడు చేసి అప్పుడే తినేది ఏదైనా మంచిదే.

మామిడితాండ్ర
హోటల్ కెటిల్‌లో జనం సాక్సులు ఉడకబెడతారని విన్నాను. సొంత కెటిల్ తీసుకెళ్లండి.

గాజువాక_గోపి
ఇప్పుడే టీ తాగుతూ చదివాను. థాంక్స్.

శంకరమఠం_శ్యామల
మాది శుద్ధ శాకాహారం, కాబట్టి మాకు ఈ బెడద ఉండదనుకుంటా. మాంసం, చేపలే కదా పాడయ్యేది?

కేజీహెచ్_పాతబ్యాచ్
పైన బస్సులో పడిపోయినవాళ్ల విషయంలో నా అనుమానం అన్నం మీదే అండీ! సలాడ్, కోసి పెట్టిన పళ్లు, కొబ్బరి చట్నీ, పెరుగు పచ్చడి, అన్నీ అనుమానించాల్సినవే. పచ్చి ఆకులో అంటుకున్న మట్టి కడిగితే పోతుంది, సూక్ష్మజీవులు అంత తేలిగ్గా పోవు. కడిగిన నీళ్లే బాగోకపోతే చెప్పేదేముంది.

ఎంవీపీ_మాధవి
పళ్ల విషయంలో మేం పెట్టుకున్న పద్ధతి: మనం ఒలుచుకునేవే. అరటి, కమలా, రాంబుటాన్, మాంగోస్టీన్. కవర్లో ముక్కలు కోసి అమ్మే మామిడి, పుచ్చకాయ చూడ్డానికి ఎంత ముద్దొచ్చినా వద్దు. ఆ కత్తి, ఆ చెక్క, ఆ చెయ్యి మనకి తెలీదు. శ్యామల గారూ, వియత్నాంలో బౌద్ధుల శాకాహార హోటళ్లు ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అక్కడివాళ్లు చాలామంది మాంసం మానేస్తారు, ఆ రోజు అవి కిటకిటలాడతాయి. మామూలు హోటల్లో "వెజ్" అని చెప్పినా చేపల సాస్ వేసేస్తారు, అది చూసుకోండి.

డెక్_క్యాడెట్
ఐస్ సంగతేంటి? అక్కడ కాఫీ కూడా ఐస్‌తోనే ఇస్తారు.

ఓడవంట
మధ్యలో బొక్క ఉండే గొట్టం ముక్కలు ఫ్యాక్టరీలో చేసినవి, ఫర్వాలేదు. పెద్ద దిమ్మని గోనెసంచీలో వేసి సుత్తితో కొట్టి ఇచ్చేది వద్దు. ఫ్యాక్టరీ ఐస్ అయినా డబ్బాలోకి గరిటె వెళ్తోందా చెయ్యి వెళ్తోందా అని చూడు. గడ్డకడితే క్రిములు చస్తాయనుకోకు, నిద్రపోతాయంతే.

రుషికొండ_రైడర్
మందులో వేసుకుంటే ఆల్కహాల్‌కి చస్తాయిగా?

కేజీహెచ్_పాతబ్యాచ్
చావవు. గ్లాసులో ఉండే బలం దానికి చాలదు.

మందు ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మెథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన మందు తాగి ఆరుగురు విదేశీ టూరిస్టులు చనిపోయారు. ఉచితంగా పోసే షాట్లు, ముందే కలిపి బకెట్లలో ఇచ్చేవి, ఊరూ పేరూ లేని సీసాలు ముట్టుకోకండి. తాగిన మర్నాడు చూపు మసకబారితే హ్యాంగోవర్ అని పడుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది.

ఉప్పుచేప
వైజాగోడికి చేప లేకుండా ముద్ద దిగదు. చేపల గురించి చెప్పండి ఎవరైనా.

ఓడవంట
చేపలో రెండు సంగతులు, రెండూ వండినా పోనివి.

సూర, కానాగంతలు ఐస్ లేకుండా ఎండలో ఉంటే హిస్టమిన్ తయారవుతుంది. మన హార్బర్‌లో పొద్దున్నే దిగిన సూర మీద ఐస్ వేయకపోతే వ్యాపారి ఎందుకు కేకలేస్తాడనుకుంటున్నావ్? అలాంటిది తింటే నిమిషాల్లో మొహం ఎర్రబడి, తల పగిలిపోతూ, దద్దుర్లొస్తాయి. చేప పడలేదనుకుంటారు. నాలిక మీద మిరియం ఘాటు తగిలిందంటే ఆ ముక్క ఉమ్మెయ్.

రెండోది పగడపు దిబ్బల దగ్గర తిరిగే పెద్ద చేపలు, బారకుడా, పెద్ద సైజు గ్రూపర్ లాంటివి. పసిఫిక్ దీవులు, కరీబియన్, మాల్దీవుల వైపు వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. వాటి ఒంట్లో పేరుకునే విషంతో వచ్చే జబ్బుని సిగువాటెరా అంటారు. వాసన రాదు, రుచి మారదు. పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కొందరికి చల్లని నీళ్లు ముట్టుకుంటే కాలినట్టు ఉంటుంది. మా ఓడలో ఒకడు ఫ్రిజ్‌లోని నీళ్ల సీసా పట్టుకుని చెయ్యి కాలిందని అరిచాడు, మేం నవ్వాం. తర్వాత నవ్వలేదు.

కేజీహెచ్_పాతబ్యాచ్
పచ్చి చేప గురించి ఒక మాట. సింగపూర్ ఎంత శుభ్రమైన దేశమో తెలుసు కదా, నేరుగా కుళాయి నీళ్లు తాగొచ్చు. అక్కడ కూడా 2015లో మంచినీటి చేప పచ్చిగా తిని గ్రూప్-బి స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా సోకి చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ తర్వాత హోటళ్లలో మంచినీటి చేపని పచ్చిగా వడ్డించడం ఆపించేశారు. వియత్నాంలో పచ్చి రక్తంతో చేసే తియెట్ కాన్ అనే వంటకం ఉంది. పంది రక్తంతో చేసింది తిని మెదడు పొరల వాపు వచ్చి, తగ్గినా చెవుడు మిగిలినవాళ్లున్నారు. సాహసాలు అక్కడిదాకా వద్దు.

డెక్_క్యాడెట్
బాన్ మీ శాండ్‌విచ్ తినొచ్చా? దాని కోసమే నేను సైగాన్ (హోచిమిన్ సిటీ పాత పేరు) పోర్టుకి ఎదురుచూస్తుంటా.

న్యూజెర్సీ_నాగ
లోపల ఏం పూశారో చూసి తిను. 2024లో వియత్నాంలోని డాంగ్ నాయ్‌లో ఒక్క షాపు బాన్ మీ తిని 500 మందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు. మండుటెండల్లో మాంసం, మయోనైజ్ బయట ఉంచేస్తే ఇంకేమవుతుంది? అదే ఏడాది మన పక్కన తెలంగాణలో పచ్చిగుడ్డు మయోనైజ్ మీద ఏడాదిపాటు నిషేధం పెట్టారు గుర్తుందా? ఎండ అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

శంకరమఠం_శ్యామల
మనవాళ్లకి ఇంకో అలవాటుంది, చేత్తో తినడం. మా అబ్బాయి "విదేశాల్లో స్పూన్‌తో తినమ్మా, అందుకే జబ్బులు" అంటాడు. నాకు ఒళ్లు మండింది.

పూర్ణామార్కెట్_పంతులు
మండాల్సిందే. చేత్తో తినడం తప్పా?

కేజీహెచ్_పాతబ్యాచ్
తప్పేం కాదు. కడుక్కోకుండా తినడమే తప్పు. ఇంట్లో మనం కాళ్లూ చేతులూ కడుక్కుని కూర్చుంటాం. ప్రయాణంలో నోట్లు లెక్కపెట్టి, బస్సు కడ్డీ పట్టుకుని, ఫోన్ రుద్ది, అదే చేత్తో అన్నం కలుపుతాం. శానిటైజర్ రాసుకున్నాం కదా అంటారు. నోరోవైరస్ మీద అది సరిగ్గా పనిచేయదు, సబ్బూ నీళ్లే కావాలి. మెడికల్ షాపుల్లో కాగితం సబ్బు దొరుకుతుంది, అగ్గిపెట్టంత డబ్బా. పర్సులో పడేసుకోండి. ఉత్త స్పూనైనా హోటల్ నీళ్లలో కడిగిందేగా!

మామిడితాండ్ర
మా మామయ్య నార్‌ఫ్లాక్సాసిన్-టినిడజోల్ కలిపిన బిళ్లలు ఒక స్ట్రిప్ పెట్టుకుని ప్రపంచమంతా తిరిగాడు. ఒక్క మోషన్ కాగానే ఒకటి వేసేవాడు. దాన్ని మించింది లేదు.

కేజీహెచ్_పాతబ్యాచ్
దీని గురించి కొంచెం కోపంగానే రాస్తున్నా. ఆ బిళ్ల మన ఊళ్లో చాక్లెట్ అయిపోయింది. ప్రయాణాల్లో వచ్చే విరేచనాలు చాలావరకు మూడు నుంచి ఐదు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. వైరస్‌ది అయితే ఏ యాంటీబయోటిక్‌కీ లొంగదు. ఇక కాంపిలోబాక్టర్ అయితే, ఆగ్నేయాసియాలో నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ జాతికి అది ఎప్పుడో మొండిబారిపోయింది. అందుకే అవసరమైనప్పుడు అక్కడి డాక్టర్లు అజిత్రోమైసిన్ వైపు చూస్తారు. అదీ జ్వరం, రక్తం, లేవలేని స్థితి ఉంటేనే. వెళ్లేముందు మీ డాక్టర్‌ని అడిగి, చీటీ రాయించుకుని పెట్టుకోండి.

లోపెరమైడ్ అని మోషన్స్ ఆపే బిళ్ల ఉంది. పెద్దవాళ్లకి బస్సు, విమానం ప్రయాణం తప్పనప్పుడు పనికొస్తుంది. జ్వరం ఉన్నా, రక్తం పడినా వాడకూడదు. పాపకి అసలే వద్దు.

మామయ్యగారూ, మీరూ వినండి. పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నారా?

సీతమ్మధార_స్వాతి
వేసుకుంటారు డాక్టర్ గారూ, పాంటాప్రజోల్. ఎవరు రాశారో కూడా మర్చిపోయాం, ఏళ్లుగా నడుస్తోంది. దానికీ దీనికీ సంబంధమేంటి?

కేజీహెచ్_పాతబ్యాచ్
కడుపులో ఆసిడ్ ఉన్నది అన్నం అరగడానికే కాదు, తిండితో లోపలికొచ్చే క్రిముల్ని గుమ్మంలోనే చంపడానికి కూడా. ఆ బిళ్ల రోజూ వేసుకుంటే కాపలావాడిని సెలవు మీద పంపినట్టే. అవి వాడేవాళ్లకి ఈ ఇన్ఫెక్షన్లు ఎక్కువ వస్తాయి. నిజంగా అవసరమై వాడేవాళ్లు ఉంటారు, వాళ్లు మానకూడదు. "అలవాటైపోయింది" అనేవాళ్లు మాత్రం ప్రయాణానికి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి ఇది ఇంకా కావాలా అని అడగాలి.

అదే చీటీతో షుగర్, బీపీ మందుల గురించి కూడా అడగండి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతున్నప్పుడు కొన్ని షుగర్ బిళ్లలు, నీరు తీసే బీపీ బిళ్లలు తాత్కాలికంగా ఆపమంటారు. ఏవి ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపొద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో షుగర్ ఉందని దాచకండి, తర్వాత క్లెయిమ్ దగ్గర తిప్పలు పడతారు.

గాజువాక_గోపి
మా ఇంట్లో రోజూ పొద్దున్నే నలుగురు వేసుకుంటారు ఆ గ్యాస్ బిళ్ల. ఇడ్లీ కంటే ముందు వడ్డన అదే.

ఎంవీపీ_మాధవి
ఓఆర్‌ఎస్ ఇక్కణ్ణుంచే తీసుకెళ్లాలా? షాపుల్లో జ్యూస్ డబ్బాల్లా దొరుకుతాయి కదా, పాపకి అవి ఇష్టం.

కేజీహెచ్_పాతబ్యాచ్
ఆ డబ్బాలు కాదు. పంచదార ఎక్కువ, ఉప్పులు తక్కువ. విరేచనాలున్న పిల్లలకి ఇస్తే ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఫుడ్ సేఫ్టీ అథారిటీ అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశించింది.

మీకు కావాల్సింది పొట్లం. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసుంటుంది, 20.5 గ్రాములది లీటరు నీళ్లకి. సగం పొట్లం అర లీటరుకి అని అంచనా వేయకండి, సీల్ ఉన్న లీటరు బాటిల్ కొని మొత్తం కలపండి. 24 గంటలు దాటితే పారబోయండి. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకి టీస్పూన్‌తో తలకొట్టి ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు. పాపకి వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో కొంచెం కొంచెం పట్టండి, గ్లాసు ఎత్తి తాగించొద్దు.

ఇంత చవకైన పొట్లం మీద నమ్మకం కుదరనివాళ్లకి: 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ ఉప్పు-పంచదార నీళ్లే డ్రమ్ముల్లో కలిపి తాగించి వేలమందిని నిలబెట్టారు.

పూర్ణామార్కెట్_పంతులు
కొబ్బరి నీళ్లు చాలవా? వియత్నాంలో కూడా కొబ్బరిబోండాలు దండిగా ఉంటాయంటగా.

కేజీహెచ్_పాతబ్యాచ్
మంచివే, కానీ సోడియం తక్కువ. పొట్లంతో పాటు తాగండి, పొట్లం బదులు కాదు.

ఉప్పుచేప
ఆవకాయ గురించి ఎవరూ అడగలేదేంటి, తెలుగోళ్లేనా మీరు? ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చా?

న్యూజెర్సీ_నాగ
చెకిన్ బ్యాగులో, రెండు కవర్లు, పైన టేపు. బట్టల మధ్య వద్దు. ఒక హెచ్చరిక: గసగసాలు, గసగసాలు వేసిన మసాలా దుబాయ్ వైపు తీసుకెళ్లొద్దు. అక్కడ నిషేధం, జైలు దాకా వెళ్తుంది. ఆస్ట్రేలియా వెళ్తే తిండి ఏదున్నా ఫారంలో రాయాలి, దాస్తే భారీ జరిమానా.

మోడరేటర్
మందుల డోసులు ఇక్కడ రాయకండి, అడగకండి. మీ డాక్టర్‌ని కలవండి. సాక్సుల చర్చ కూడా ఆపుదాం.

సీతమ్మధార_స్వాతి
చివరిగా ఒకటి డాక్టర్ గారూ. అక్కడ పాపకో మామయ్యగారికో వస్తే, హోటల్ గదిలోనే చూసుకోవాలా, ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

కేజీహెచ్_పాతబ్యాచ్
రక్తం పడితే, జ్వరం 38.5 డిగ్రీలు అంటే మన లెక్కలో 101 దాటితే, తాగిన చుక్క తాగినట్టే బయటికొస్తుంటే, ఆరేడు గంటలుగా ఒకటికి వెళ్లకపోతే, మాట తడబడితే, ఇక ఆలోచించొద్దు. పాప ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, నాలిక ఎండినా, లేపితే కళ్లు తెరవకుండా తూలిపోతున్నా అంతే. మామయ్యగారి విషయంలో ఇంకా ముందే కదలండి, షుగర్ ఉన్నవాళ్లు తొందరగా దిగజారతారు. మీ హోటళ్లకి దగ్గర్లోని పెద్ద ఆసుపత్రుల పేర్లు, ఇన్సూరెన్స్ వాళ్ల నంబరు ఇప్పుడే ఫోన్‌లో దాచుకోండి. పాపకి విరేచనాలైతే ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ కూడా ఇస్తారు, మీ పిల్లల డాక్టర్‌ని అడిగి వెంట తీసుకెళ్లండి. ఆకలి వేసినప్పుడు మామూలు తిండి పెట్టొచ్చు, పస్తులుంచొద్దు. తిరిగొచ్చాక రెండు వారాలైనా కడుపు కుదురుకోకపోతే మలం పరీక్ష చేయించాలి, జియార్డియా కావచ్చు.

సీతమ్మధార_స్వాతి
ఇంట్లో మీటింగ్ అయింది. కుక్కర్ రద్దు, ఉప్మా రవ్వ ఖాయం. రోడ్డు పక్క తిండికి అత్తయ్యగారు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద: ముందు మా ఆయన తినాలి, ఆరు గంటలు చూశాకే మిగతావాళ్లు తింటారట. ఈ ఆరు గంటల లెక్క ఎవరు నేర్పారో తెలుస్తూనే ఉంది.

ఓడవంట
ఆరు గంటలు చూస్తే ఆ కూర చల్లారిపోద్దమ్మా! మళ్లీ మొదటికొస్తావ్.

బుచ్చిరాజుపాలెం_బుజ్జి
మేం వచ్చే నెల బాలి వెళ్తున్నాం. ఇవన్నీ అక్కడా పనికొస్తాయా?

ఎంవీపీ_మాధవి
అన్నీ పనికొస్తాయి. కుళాయి నీళ్లు మాత్రం నోట్లోకి పోనివ్వకండి, పళ్లు తోముకోడానికి కూడా బాటిల్ నీళ్లే. బ్రష్ పక్కనే సీసా పెట్టుకోండి, నిద్రమత్తులో చెయ్యి కుళాయి మీదకే పోతుంది.